గట్టున కూర్చోరాదు

మా పేట ఈతకొలనులో మొదటి ఈత వరుస పక్కన గోడకు ఒక నీలం బోర్డు ఉంది. గట్టున కాళ్ళు వేలాడదీసి కూర్చోరాదని కన్నడంలోనూ ఇంగ్లీషులోనూ రాసి ఉంటుంది. నాలుగు మూలలా నాలుగు మరలు బిగించారు. ఎండకూ వానకూ ఒక్క అక్షరం చెదరలేదు. ఈ కొలను ఆఫీసుకు నేను ఇప్పటిదాకా పదిహేడు ఫిర్యాదులు ఇచ్చాను. స్నానాల గదిలో విరిగిన కొళాయి గురించి, క్లోరిన్ ఎక్కువై కళ్ళు మండడం గురించి, తలుపుకు గడియ లేకపోవడం గురించి. పదహారింటికి జవాబు కూడా లేదు. ఒక్కదానికి మాత్రం నాలుగు రోజుల్లో ఫలితం వచ్చింది. అది ఈ బోర్డు.

ఇవాళ పొద్దున గార్డు తడిగుడ్డతో దాన్ని తుడుస్తుంటే నిలబడి చూశాను. ఆ బోర్డు నేను ఒకే ఒక్క మనిషి కోసం పెట్టించాను. ఆ మనిషి ఇప్పుడు లేడు.

ఆయన పేరు రాయను. రాస్తే ఆయనే నవ్వుతాడు, ఆయనకు ఎవరి పేర్లూ పట్టేవి కావు. బళేపేటలో తాతల నాటి గాజుల అంగడి ఆయనది. డెబ్బై దాటిన మనిషి. యాభై ఏళ్ళు ఆడవాళ్ళ చేతులకు గాజులు ఎక్కించినవాడు కాబట్టి మనుషుల్ని చేతి కొలతతోనే గుర్తుపెట్టుకునేవాడు. "రెండు ఆరు రాలేదా ఈ దినం?" అంటే బ్యాంకు ఆయన రాలేదా అని. పళ్ళ డాక్టరమ్మ 'రెండు నాలుగు'. బొద్దుగా ఉండే గార్డు 'రెండు పది'. నేను చేరిన మొదటి రోజున నన్ను అడగకుండానే నా కుడిచెయ్యి అందుకుని, బొటనవేలి మొదట్లో రెండుసార్లు నొక్కి చూశాడు.

"రెండు ఎనిమిది. అయితే బిగిసిపోయిన చెయ్యప్పా. ఎక్కేది శానా కష్టం."

అడగకుండా చెయ్యి పట్టుకోవడం నాకు నచ్చలేదు. అది మనసులో పెట్టుకున్నాను.

ఆయన ఈదేది తక్కువ. గుండెకు స్టెంటు వేశాక డాక్టరు కొలను ఈ చివర నుంచి ఆ చివరకు రెండుసార్లు మాత్రమే ఈదమన్నాడట. ఆ రెండూ మెల్లగా ఈది, మొదటి వరుస గట్టున కూర్చుని, కొబ్బరినూనె రాసిన తెల్లటి పిక్కలు నీళ్ళలో వేలాడేసి, మిగిలిన గంటంతా మమ్మల్ని చూసేవాడు. చూసి ఊరుకుంటే బాగుండేది. వ్యాఖ్యానం చేసేవాడు.

ఇక్కడ నా సంగతి కొంచెం చెప్పాలి. ముప్పై ఏళ్ళు బొమ్మసంద్రలో ఒక కార్ఖానాలో తనిఖీ విభాగంలో పనిచేశాను. తప్పు ఉన్న వస్తువును తప్పు ఉందని రాయడమే నా ఉద్యోగం. నడుము నొప్పికి ఈత మంచిదంటే యాభై దాటాక నేర్చుకున్నాను. వెల్లకిలా ఈత నాకు పట్టుబడింది. అరవై దాటినవాళ్ళ పోటీల్లో పేరు ఇచ్చేంత దూరం వచ్చాను. కానీ ఆ ఈతకు మొదలు వేరు. మిగతావాళ్ళు గట్టు మీది దిమ్మె ఎక్కి ముందుకు దూకుతారు. మేము నీళ్ళలో గోడకు ఎదురుగా వేలాడుతూ, దిమ్మెకున్న ఇనుప పిడి పట్టుకుని, పాదాలు గోడకు ఆనించి, ఈల వినబడగానే వెనక ఏముందో చూడకుండా వెనక్కి దూకాలి. గత సంవత్సరం రాష్ట్ర స్థాయి పోటీలో ఈల వేయగానే నా పాదాలు గోడ మీద జారాయి. నిలువునా మునిగాను. పైకి తేలేసరికి మైకులో అంటున్నారు, "మూడో వరుస వారు ఇంకా ఇక్కడే ఉన్నారు" అని. మెట్ల మీద కూర్చున్న అందరూ నవ్వారు. నా కోడలు కూడా నవ్వింది. నిర్వాహకులకు ఉత్తరం రాశాను. జవాబు లేదు. వచ్చే ఏడాది అదే పోటీలో, అదే యాభై మీటర్లలో, జారకుండా, చప్పుడు లేకుండా వెనక్కి దూకి చూపిస్తానని ఆ రోజే అనుకున్నాను. పతకం సంగతి నాకు పట్టదు. ఆ ఒక్క దూకు సరిగ్గా రావాలి.

ఆ సాధన మొదలుపెట్టిన పొద్దునే గాజుల ఆయన ఒక మాట అన్నాడు. నేను వెనక్కి దూకాను. వీపు నీళ్ళకు చరిచింది. ఆ చప్పుడుకు పక్క వరుసల వాళ్ళు కూడా ఆగారు.

"ఏమప్పా, దుప్పటి ఉతుకుతా ఉండావా?"

అందరూ నవ్వారు. బ్యాంకు ఆయన మరీ ఎక్కువ నవ్వాడు. నేను ఇంటికి వెళ్ళి టిఫిన్ తినకుండా ఫిర్యాదు రాశాను. మొదటి వరుసలో ఒక వృద్ధుడు కాళ్ళు నీళ్ళలో పెట్టుకుని కూర్చుంటున్నాడనీ, గోడ తాకి తిరగవలసిన ఈతగాళ్ళ చేతులు ఆ కాళ్ళకు తగులుతున్నాయనీ రాశాను. రెండూ నిజమే. నా చెయ్యే రెండుసార్లు తగిలింది. తేదీ వేసి, నకలు నా దగ్గర పెట్టుకుని ఇచ్చాను. నాలుగో రోజున బోర్డు వచ్చింది.

ఆయన బోర్డును కిందనుంచి పైకి చదివినట్టు చాలాసేపు చూశాడు. తర్వాత ఒక ప్లాస్టిక్ కుర్చీ తెచ్చుకుని గోడవార వేసుకున్నాడు. అక్కడినుంచి కాళ్ళు నీళ్ళకు అందవు. "చర్మం ఎండిపోతా ఉండాది" అని డాక్టరమ్మతో అనడం విన్నాను. ఎవరు చేశారని అడగలేదు. నా వైపు చూడలేదు కూడా.

సమస్య ఏమిటంటే మా కొలను దిమ్మెలకు పిడులు లేవు. తుప్పు పట్టాయని ఎప్పుడో కోసేశారు. పిడులు పెట్టించమని మూడు ఫిర్యాదులు ఇచ్చాను, ఏమీ కాలేదు. గట్టు పలకలు నున్నగా ఉంటాయి, తడిచేతికి జారుతాయి. దిమ్మెకు తాడు కట్టి చూశాను. ఎవరి మెడకైనా తగులుకుంటుందని గార్డు విప్పించాడు. నాలుగు నెలల్లో పోటీ. పట్టుకోవడానికి ఏమీ లేదు. గట్టును గోళ్ళతో పట్టుకుని వేలాడుతూ ఉంటే, ఒక పొద్దున కుర్చీ జరిగిన చప్పుడైంది. ఆయన వచ్చి సరిగ్గా ఆ బోర్డు కింద కూర్చున్నాడు. వెనక దిమ్మెను రెండు చేతులా పట్టుకుని, కాళ్ళు నీళ్ళలోకి వదిలాడు.

"పట్టుకో."

"ఏమి సార్?"

"కాళ్ళు పట్టుకోప్పా. పిడి లేదని ఏడుస్తా ఉండావు గదా. మోకాలి కింద పట్టుకుని దూకు."

గార్డు ఈల ఊదాడు. ఆయన తల తిప్పకుండానే అన్నాడు, "ఐదు నిమిషాలేనప్పా, రెండు పదీ. ఊరికే ఆ పక్క చూస్తా ఉండు."

గార్డు ఆ పక్క చూశాడు. నేను పట్టుకున్నాను. వేరే దారి లేక పట్టుకున్నాను. బ్యాంకు ఆయన మూడో వరుసలోంచి, "ఏం సార్, చివరికి తాత కాళ్ళు పట్టుకున్నారే!" అన్నాడు. ఆ మాట బ్యాంకు ఆయనకు ఎప్పుడో తిరిగి ఇవ్వాలి. ఇంకా ఇవ్వలేదు.

అట్లా రోజుకు ఐదు నిమిషాలు, రెండున్నర నెలలు. నేను వేలాడుతూ ఉంటే ఆయన పైనుంచి మాట్లాడేవాడు. అంతా గాజుల భాషే.

"చూడప్పా, చెయ్యంతా ఒక్కసారిగా దూర్చాలని చూస్తే గాజు పగులుతాది. ముందు వేళ్ళు పోవాల. ఆ మీదట ఈ ముడి." తన బొటనవేలి మొదలు చూపించేవాడు. "ముడి దాటిందా, ఇంగ మణికట్టు దానంతట అదే పోతాది. నీకు ముడి యాడుండాది? నడుం దగ్గర. చేతులు నీళ్ళలో ఏ సందులో పోతే నడుమూ ఆ సందులోనే పోవాల. నువ్వు నడుమును ముందే కూలేస్తా ఉండావు."

"ఎత్తు సరిపోవడం లేదేమో సార్."

"ఎత్తు ఏంటికప్పా మన వయసుకి? అంత పైకి లాక్కుంటే పాదం జారతాది. ఒక కాలు రవంత కిందికి పెట్టు. రెండూ సమంగా పెట్టేది చిన్నోళ్ళ పని. గడ్డం ఆకాశానికి చూపించు. చూపు ముందు, తల దాని వెంట. నడుమును ఎవురూ పిలవక్కరలేదు, అదే వస్తాది."

ఒకరోజు చిరాకేసి అడిగాను. "సార్, మీరు ఎప్పుడైనా ఈ స్టార్ట్ చేసినారా?"

"లేదప్పా," అన్నాడు. "నేనెప్పుడన్నా గాజులు వేసుకున్నానా?"

దూకి పైకి తేలి ఆయన ముఖం చూసేవాణ్ణి. ప్రతిసారీ ఒకటే మాట. "ఎక్కలేదప్పా." చెడ్డగా దూకినా అదే, కాస్త బాగా దూకినా అదే. ఒక్కసారి మాత్రం, "ముడి దాకా వచ్చింది" అన్నాడు. ముప్పై ఏళ్ళు ఇతరుల పనికి తీర్పు చెప్పినవాణ్ణి నేను. ఒక గాజుల అంగడి ముసలాయన నోట 'ఎక్కింది' అనే ఒక్క మాట కోసం పొద్దున్నే ఆరున్నరకు చలినీళ్ళలో దిగేవాణ్ణి. ఆయన ఆ మాట దాచుకుంటున్నాడని నాకు కోపం కూడా వచ్చేది. ఆయన వయసుకు అన్నా అని పిలవాలి. ఆ కోపంతోనే 'సార్' తప్ప ఇంకోటి అనలేదు.

పోటీకి ఇంకా ఐదు వారాలుందనగా కొలనుకు కొత్త మేనేజరు వచ్చాడు. వచ్చిన రెండో రోజే గట్టుమీదికి వచ్చి మమ్మల్ని చూశాడు. ఈసారి గార్డు ఈల నిజంగానే ఊదాల్సి వచ్చింది. బోర్డు లిఖితపూర్వకమైన ఫిర్యాదు మీద పెట్టిందనీ, ఫిర్యాదు చేసినవాళ్ళు వెనక్కి తీసుకుంటే తప్ప తానేమీ చేయలేననీ మేనేజరు మర్యాదగానే చెప్పి వెళ్ళిపోయాడు.

ఆయన కాళ్ళు పైకి తీసుకుని తువ్వాలుతో తుడుచుకున్నాడు.

"ఒక చీటీ రాసిచ్చేయప్పా. అయిపోతాది."

నేను గట్టు పట్టుకుని తల ఎత్తాను. "ఎవరు రాశారో మీకు తెలుసా?"

"బోర్డు వచ్చిన దినమే తెలుసు. ఈ కొలనులో తేదీ వేసి, కింద గీత గీసి రాసేవాడు ఇంగెవురుండారు? పాత మేనేజరు నాకు చూపించినాడు. అక్షరాలు బాగుండాయి."

"తెలిసీ కాళ్ళిచ్చినారా?"

"నీకు పిడి కావాల్సింది. నాకు కాళ్ళు నీళ్ళలో పెట్టాల్సింది. దాంట్లో ఏముండాది?"

అప్పుడు చీటీ రాసివ్వాల్సింది. గట్టు మీది నా సంచీలో పెన్ను కూడా ఉంది. కానీ ఆయన నవ్వుతూ ఉన్నాడు. ఆ నవ్వులో నాకు మళ్ళీ దుప్పటి కనిపించింది.

"నేను రాసింది వాస్తవం సార్. నిజాన్ని వెనక్కి తీసుకోను."

"నిజం కాదని ఎవురన్నారు?" ఆయన మోకాళ్ళ కింద మెల్లగా రుద్దుకుంటున్నాడు. నూనె రాసుకుంటున్నాడనుకున్నాను. "బిగిసిన చెయ్యప్పా నీది. మొదటి దినమే చెప్పినాను." తువ్వాలు భుజాన వేసుకుని వెళ్ళాడు.

మర్నాడు రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. అలిగాడనుకున్నాను. అలిగితే నేను ఎందుకు ముందు మాట్లాడాలి? ఆయన నంబరు నా ఫోనులో ఉంది. తీసి చూసి పెట్టేశాను. తప్పు నాది కాదు, ఆయన నన్ను అందరి ముందు అన్నది మొదలు, నేను రాసింది దానికి జవాబు. అట్లా పదకొండు రోజులు లెక్కబెట్టాను. ఆ పదకొండు రోజులూ ఒక్కణ్ణే గట్టు పట్టుకుని జారాను.

పన్నెండో రోజు గార్డును, ఏదో వేరే మాట మధ్యలో అన్నట్టుగా అడిగాను.

"గొత్తిల్వా సార్?" అన్నాడతను. తెలియదా అని. "గాజుల తాత పోయినారు. వారం అయింది. గుండె."

పదకొండు రోజుల్లో నాలుగో రోజున పోయాడు. ఆ తర్వాత ఏడు రోజులు నేను ఒక చనిపోయిన మనిషి మీద పట్టుదలగా ఉన్నాను.

బళేపేటకు బస్సులో వెళ్ళాను. ఇత్తడి సామాన్ల అంగళ్ళ మధ్య సన్న సందు. అడిగితే చూపించారు. అంగడి తెరిచే ఉంది. లోపల పెట్టెల మధ్య పలక మీద ఆయన భార్య కూర్చుని ఉంది. గోడ నిండా రంగురంగుల గాజుల వరుసలు, వాటి ముందు ఆమె. ఎవరో అని చూసింది.

"అన్నతో ఈతకు వచ్చేవాణ్ణమ్మా," అన్నాను. ఆ మాట నోట్లోంచి అప్పుడు వచ్చింది.

ఆమె నా చేతుల వైపు చూసింది. "మీరేనా అన్నా రెండు ఎనిమిది? కూర్చోండి, కూర్చోండి. మీ మాటే చెప్తా ఉండె."

స్టూలు జరిపింది. ఏం చెప్పేవారని అడగడానికి నాకు భయం వేసింది. ఆమే చెప్పింది.

"ఆస్పత్రిలో డాక్టరు కాళ్ళు చూసి గాబరాపడినాడు. మోకాళ్ళ కింద రెండు పక్కలా నాలుగు నాలుగు నల్లమచ్చలు. రక్తం పలచనయ్యే మాత్రలు మింగతా ఉండె గదా, ఉత్తగా తగిల్తేనే కమిలిపోతా ఉండె. ఇవేంది తాతా, ఎవరన్నా కొట్టినారా అంటే నవ్వినారు. 'మా రెండు ఎనిమిది వేళ్ళు డాక్టరే. పట్టుకుని దూకుతాడు. ఇంగా ఎక్కలేదు ఆయప్పకి' అన్నారు."

నేను చేతులు మోకాళ్ళ కిందికి పెట్టుకున్నాను.

"నొప్పి లేదా, ఏంటికి ఇస్తారు కాళ్ళు అని నేనూ కసురుకుంటా ఉంటి. దానికి ఏమన్నారో తెలుసునా? గాజులెక్కించేటప్పుడు నేనెంతమంది చేతులు నొప్పించి ఉంటానే, ఒక్కరన్నా ఫిర్యాదు చేసినారా అన్నారు."

ఆమెకు బోర్డు సంగతి తెలియదు. ఆయన చెప్పలేదు. ఆమె మణికట్లకు ఆకుపచ్చ గాజులు అలాగే ఉన్నాయి. నా చూపు అక్కడ ఆగడం గమనించి, కొంగు సర్దుకుని, తనలో తనే అన్నట్టు చెప్పింది. "అందరూ అడుగుతా ఉండారు. ఎక్కించింది ఆయన. తీసేదానికి ఇంగెవురి చెయ్యి సాగుతాది?"

కాఫీ ఇచ్చింది. తాగాను. చెప్పాలనుకున్నది చెప్పకుండానే లేచాను.

మర్నాడు మేనేజరుకు చీటీ ఇచ్చాను. నా ఫిర్యాదు ఉపసంహరించుకుంటున్నాను, బోర్డు తీసేయగలరు అని. అది తప్పని రాయలేదు. ఇప్పటికీ రాయను. మేనేజరు చదివి, "బోర్డు వచ్చాక ఎవరూ కూర్చోవడం లేదు కదా సార్, మంచిదే కదా" అన్నాడు. చూస్తానన్నాడు. నకలు ఒకటి నా ఫైలులో పెట్టాను. అందులో అది పద్దెనిమిదో కాగితం. దానికీ జవాబు రాలేదు.

పోటీ రోజు నాకు నాలుగో వరుస ఇచ్చారు. పెద్ద కొలను, మెరిసే దిమ్మెలు, వాటికి ఇనుప పిడులు. నీళ్ళలో దిగి పట్టుకున్నాను. చల్లగా ఉంది. ఎంత గట్టిగా పట్టుకున్నా ఇనుము కమలదు. అయినా ఎందుకో వేళ్ళు బిగించలేకపోయాను. ఎడమ పాదం రవంత కిందికి పెట్టాను. మరీ పైకి లాక్కోలేదు. ఈల వినబడింది. గడ్డం ఆకాశానికి చూపించాను.

చప్పుడు లేదు. వేళ్ళు, తల, నడుము, పాదాలు, అన్నీ ఒకే సందులో పోయాయి. నీళ్ళ కింద ఒక్క క్షణం అంతా నిశ్శబ్దంగా ఉంది. పైకి తేలాక ఈదడం మానేసి గట్టు వైపు తల ఎత్తి చూశాను. అలవాటు. అక్కడ గడియారాలు పట్టుకుని తెల్లచొక్కాల వాళ్ళు నిలబడి ఉన్నారు. వాళ్ళ కాళ్ళకు బూట్లున్నాయి. అట్లా చూసినందుకు రెండు క్షణాలు పోయి, ఆఖరు నుంచి రెండోవాడిగా గోడ తాకాను.

బయటికి వచ్చి తుడుచుకుంటుంటే ఐదో వరుస ఆయన వచ్చి చెయ్యి కలిపాడు. "స్టార్ట్ శానా బాగా పడింది సార్ మీకు," అన్నాడు.

మంచి మనిషే. థ్యాంక్స్ అన్నాను. కానీ ఆ మాట అనాల్సినవాడు అతను కాదు. నన్ను దుప్పటి అన్నందుకు ఆయన్ని ఆ రోజు, ఆ గట్టు మీద, తువ్వాలు పిండుకుంటూ క్షమించాను. 'ఎక్కింది' అనకుండా పోయినందుకు మాత్రం క్షమించలేదు.